కత్తి పట్టకముందు అడిగే మాట

1967 జూలై మూడవ తేదీన డాక్టర్ పుణ్యవతి గారు మన ఆసుపత్రి స్త్రీల వ్యాధుల విభాగంలో సహాయ వైద్యురాలిగా చేరారు. నేటికి, అనగా 1999 జూన్ ముప్పయ్యవ తేదీకి, ముప్పై రెండు సంవత్సరాల నిరంతర సేవ ముగించి, ఆ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారు కోసి పంపిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూసి రోగనిర్ణయం చెప్పడమే నా ఉద్యోగం గనుక, ఈ నాలుగు మాటలు రాసే అర్హత నాకు కొంత ఉన్నదని భావిస్తున్నాను.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను తొలిదశలోనే శస్త్రచికిత్సతో నయం చేయడం వారి జీవితకాల కృషి. 1973లో మద్రాసులో ఏడాది శిక్షణ పొంది వచ్చి, గర్భాశయంతోపాటు దాని చుట్టూ ఉన్న కణజాలాన్నీ, లింఫు గ్రంథులనూ తొలగించే కష్టతరమైన శస్త్రచికిత్సను మన ఆసుపత్రిలో ప్రారంభించారు. నాలుగైదు గంటలు నిలబడి చేయవలసిన ఆ పనిలో వారి చేతికి అలసట తెలియదని అందరూ చెప్పుకునేవారు.

అయితే ప్రతి ఏటా కొత్తగా చేరిన వైద్యులకు వారు చెప్పే మొదటి పాఠం తమ విజయం గురించి కాదు. 1975లో ఇరవై తొమ్మిదేళ్ల స్త్రీకి ఆ శస్త్రచికిత్స చేశారు. ఆనాటి అలవాటు ప్రకారం భర్తకు చెప్పి, భర్త చేత సంతకం తీసుకున్నారు. ఎనిమిది నెలల తరువాత ఆమె వచ్చి, "నాకు ఇంకా నెలసరి రావడంలేదేంటండీ?" అని అడిగింది. గర్భాశయం తీసివేసిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. "ఆ రోగం నయమైంది. కానీ గర్భాశయం తీసేశామని ఆమెకు ఎనిమిది నెలల తరువాత చెప్పవలసి వచ్చింది" అని పుణ్యవతి గారు చెబుతుంటే కొత్త వైద్యులు తల వంచుకొని వినేవారు.

అటు తరువాత, రోగికి స్వయంగా చెప్పి, ఆమె నోట మాట వినకుండా వారు కత్తి పట్టలేదు.

1997 సెప్టెంబరులో జరిగిన ఒక సంఘటన చెప్పాలి. రాయదుర్గంలో మన ఆసుపత్రి నిర్వహించిన పరీక్షా శిబిరానికి, మాదాపూర్‌లో లేస్తున్న ఎత్తైన భవనానికి ఇసుక మోసే అంజమ్మ గారు వచ్చారు. వయస్సు ఇరవై ఏడు, పిల్లలు లేరు. ముఖద్వారం నుంచి శంకువు ఆకారంలో చిన్న ముక్క తీసి నాకు పంపారు. క్యాన్సర్ లోతు రెండు మిల్లీమీటర్లే. కానీ ముక్క అంచున దోషం కనబడింది. గర్భాశయాన్ని తొలగించడమే క్షేమమని విభాగమంతా అభిప్రాయపడింది. నేనూ అదే అన్నాను.

"లక్ష్మీనారాయణ గారూ, అంచున ఉన్నది క్యాన్సరా, క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పా?" అని పుణ్యవతి గారు అడిగారు.

"ముందు వచ్చే మార్పేనండీ. కానీ లోపల ఇంకా ఎంత ఉందో చెప్పలేను."

"అయితే రెండు దారులున్నాయి. ఆమెనే అడుగుదాం."

అంజమ్మ గారిని, భర్త మొగిలి గారిని కూర్చోబెట్టి, నా ఎదుటే అంతా వివరించారు. "గర్భసంచి తీసేస్తే రోగం మళ్లీ వచ్చే భయం తక్కువమ్మా. కానీ పిల్లలు పుట్టరు. లేదంటే ఇంకోసారి చిన్న ముక్క తీసి చూస్తాం. అంచులు శుభ్రంగా ఉంటే సంచి ఉంచుతాం. లేకపోతే తీయక తప్పదు. మళ్లీ రాదని మాత్రం మాట ఇవ్వలేను. మూడు నెలలకోసారి తప్పకుండా రావాలి."

మొగిలి గారు వెంటనే, "నాకు పిల్లల ఫికర్ లేదు డాక్టరమ్మా, మనిషి బతకాలె. తీసేయుండ్రి" అన్నారు.

అంజమ్మ గారు భర్త వైపు తిరిగి, "గా మాట నువ్వు జెప్పుడు కాదు. అమ్మ నన్నడుగుతున్నది" అన్నారు. రెండో దారి గురించి మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు. పుణ్యవతి గారు తొందరపెట్టలేదు. బయట రోగులు బారులు తీరి ఉన్నారు.

"ఇంకొక్కపారి కోయుండ్రి. మూన్నెల్లకోపారి నేనే వస్త."

రెండవ ముక్కను రెండు రోజులు, పొర పొరనూ చూశాను. అంత భయంతో నేను మరే ముక్కనూ చూడలేదు. నివేదిక పంపేలోగానే పుణ్యవతి గారు స్వయంగా మా ప్రయోగశాలకు వచ్చి నిలబడ్డారు.

"అంచులు శుభ్రంగా ఉన్నాయండీ" అన్నాను.

వారు స్టూలు మీద కూర్చున్నారు. సంతోషంగా ఏమైనా అంటారనుకున్నాను. "ఆ చివరి పొర నన్ను కూడా ఒకసారి చూడనివ్వండి" అన్నారు.

అంజమ్మ గారు ఒక్క పరీక్షా తప్పలేదు. గత నెలలోనూ వచ్చారు. వ్యాధి జాడ లేదు. సంతానం ఇంకా కలగలేదు. ఈ వ్యాసం కోసం అనుమతి కోరినప్పుడు, ఆ ధైర్యం చేసినందుకు చింత ఉందా అని సంకోచిస్తూనే అడిగాను. "పిల్లలైతరో కారో ఎవలకెరుక సారూ? నన్నడిగి చేసిండ్రు, గది చాలు. నా పేరు రాయుండ్రి. సదివి ఇంకొకామె దవాఖానకొస్తది" అన్నారు.

శస్త్రచికిత్సలో నైపుణ్యం సాధనతో సమకూరుతుంది. ఎంత కోయాలో, ఎక్కడ ఆగాలో తెలిసే వివేకం అరుదు. ఆ నిర్ణయంలో రోగికి ముందు స్థానమివ్వడం మా తరం వైద్యులకు పుణ్యవతి గారు నేర్పిన విద్య. అది నేర్చుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టిందని ఈ సందర్భంగా ఒప్పుకుంటున్నాను.

ఇకపై వారు భర్త సీతారామాంజనేయులు గారితో నిజాంపేటలోని నూతన గృహంలో విశ్రాంత జీవనం గడపనున్నారు. వేలాదిమంది స్త్రీలకు ఏటేటా పరీక్ష చేయించుకొమ్మని బోధించిన తమ తల్లి, తన పరీక్షను మాత్రం పనుల పేరిట ఆరేళ్లుగా వాయిదా వేస్తున్నారని కుమార్తె వాసంతి గారు మాతో మొరపెట్టుకున్నారు. రేపటి నుంచి ఆ పనులు ఉండవు గనుక, సోమవారం ఉదయం పది గంటలకు వారి పేరు స్త్రీల వ్యాధుల విభాగం రోగుల జాబితాలో మొదటిదిగా రాయించాము. వారు రోగిగా వచ్చి, ఆరోగ్యవంతురాలిగా తిరిగి వెళ్లాలనీ, ఇలా ప్రతి సంవత్సరమూ నిండు నూరేళ్లూ రావాలనీ సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.