జిగటా, పొడా?

ఇంట్లోవాళ్లు చూసిన సంబంధం. జన్యు పరిశోధకురాలైన ఆమె, బ్యాంకులో పనిచేసే అతను ఓ కాఫీ హోటల్లో మొదటిసారి కలుసుకున్నారు. ఆమే ముందు మాట కలిపింది.

"మీ చెవిలో గులిమి జిగటగా ఉంటుందా, పొడిగా ఉంటుందా?"

"ఇదేం ప్రశ్నండీ బాబూ! వంట వచ్చా అని అడుగుతారనుకున్నాను."

"ఏబీసీసీ ఎలెవన్ అని ఒక జన్యువుంది."

"పేరు బడిపిల్లలు పెట్టారా?"

"నవ్వకండి. అది తయారుచేసే ప్రొటీన్ కణం పొరలో కూర్చుని లోపలి సరుకుని బయటికి తోస్తుంది. కొందరిలో అది పనిచెయ్యదు. వాళ్ల గులిమి పొడిగా ఉంటుంది, చంకలు పెద్దగా కంపు కొట్టవు. అలాంటివాళ్లంటే నాకు ప్రాణం."

"అయితే నాది పొడేనండీ! పిండిలా రాలుతుంది."

"అబ్బ, ఎన్నాళ్లకి దొరికారు! నా పరిశోధనలో చేర్చుకుంటాను. కాకపోతే, అందులో చేరినవాళ్లని నేను పెళ్లి చేసుకోకూడదని రూలు."

"అయ్యయ్యో, ఆగండాగండి! నాది జిగటే. మీరు మెచ్చుకుంటారని కోతలు కోశాను."

"తెలుసు. పొడి గులిమివాళ్లు ఇంత సెంటు కుమ్మరించుకుని రారు."

"మరి ఆ రూలు?"

"అది నేను కోసిన కోత. మీరు అబద్ధాన్ని వదులుకుంటారో, నన్ను వదులుకుంటారో చూద్దామని."