మామ సర్దిన డిక్కీ

జమ్మలమడుగు దాటాక, పులివెందుల దారిలో కారు టైరు పంచరైంది. మొగుడూ పెళ్లాలు కిందికి దిగారు.

“భయపడొద్దు మే. ప్రొద్దుటూరంతా తిరిగి డిక్కీ సర్దింది ఇందుకే. జాకీ, పానాలు, తాడు, టార్చిలైటు, ఆఖరికి గొడుగు కూడా ఉండాది.”

“బిరీన టైరు మార్చు మామా. మా తమ్ముడు తాళి కడితే మూడో ముడి నేనెయ్యాల. స్టెప్నీ యాడ?”

“ఇంట్లో ఉండాది.”

“ఇంట్లోనా?”

“అది తీసేస్తేనే గదా ఇన్ని సామాన్లు పట్టింది!”

“ఇంట్లో యాడ పెట్నావు?”

“నీళ్ల డ్రమ్ము కింద. డ్రమ్ము కదుల్తాందని నువ్వే అంటివి గదా.”

“అదో, పులివెందుల బస్సొస్తాంది. చెయ్యెత్తి ఆపు.”

“మరి నేనో?”

“నీకేం మామా, అన్నీ ఉండాయి గదా! ఎండెక్కువైతే గొడుగేసుకో.”