నలుగురూ రాసిన తప్పు

అమెరికాలోని డులూత్ నర్సింగ్ కాలేజీ క్యాంటీన్‌లో ఇద్దరు విద్యార్థినులు కూర్చున్నారు. ఒకామె కాఫీ ముట్టలేదు.

“ఛీ, తలుచుకుంటేనే రోతగా ఉంది. కలిసి చదువుకునే మా గ్రూపులో నలుగురం పరీక్షలో ఒకే తప్పు డోసు రాశాం.”

“అదెలాగే?”

“పాఠాలు పంచుకున్నాం కదా. గుండె మందులు బ్రెండన్ వంతు. వాడు డోసు పది రెట్లు ఎక్కువ వేసి నోట్సు పంపాడు. మేం బట్టీ పట్టేశాం.”

“మేడమ్ ఏమంది?”

“‘ఒక్క రోగిని నలుగురు కలిసి చంపారు’ అంది, క్లాసంతా వింటుండగా.”

“బ్రెండన్‌ని దులిపేశావా?”

“వాడి మీద కాదే, నా మీదే అసహ్యం. పుస్తకానికున్న ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు నేను. పైగా ఒక్కదానివే చదువుకుంటావని నిన్ను పొగరుబోతన్నాం.”

“తెలుసు. వినపడేది.”

“రేపు మళ్లీ పరీక్ష. అసలు డోసెంతో చెప్పవే.”

“చెప్పను. నేను చెప్పినా అదీ నోటి మాటే. పుస్తకం తెరిచి నువ్వే చూసుకో.”