పది గదుల మాట

సభకు నమస్కారం.

కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డ పెద్దలకు, దుకాణాలు మూసి వచ్చిన మన వీధివాళ్లకు, ముందు వరసలో కూర్చున్న మా వదిన కూతురికి నమస్కారం. అమ్మా, నీకు ఓదార్పు చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో ఇవాళ ఇందరి ముందూ చెబుతాను.

మనం టేపు మేడమ్ అని పిలుచుకున్న మనిషి పోయి ఎనిమిది రోజులైంది. ముప్పై ఏళ్లు చర్చి పాటల బృందంలో పాడింది. ఆమె సంతాప సభకు చర్చి హాలు అడిగితే ‘మరమ్మతులు జరుగుతున్నాయి’ అన్నారు. ఇందాక అటునుంచే వచ్చాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరో హార్మోనియం సాధన చేస్తున్నారు. ఒక్క గంట! ముప్పై ఏళ్ల గొంతుకు ఒక్క గంట చోటు లేకపోయింది. ఈ లైబ్రరీ గది ఇచ్చినవారికి చేతులెత్తి మొక్కుతున్నాను.

ఆమె, ఎప్పుడో కాలం చేసిన నా స్నేహితుడి భార్య. అందుకే నాకు వదిన. ఆస్తి పన్నుల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. చేతిసంచిలో కొలత టేపు లేకుండా గడప దాటేది కాదు. నా స్నేహితుడు పుస్తకాలు బైండింగు చేసేవాడు. పని కోసం వెనక వరండా చుట్టూ గోడలు లేపి గది చేసుకున్నాడు. పైకప్పు వేసిన మర్నాడే వదిన ఆ గది కొలిచి, తన ఇంటి పన్ను తానే పెంచి రాసింది. వాడు లబోదిబోమంటూ నా దగ్గరకొచ్చాడు. “అందరిళ్లల్లో పిల్లో కుక్కో ఉంటాయిరా, మా ఇంట్లో పన్నుల ఆఫీసు ఉంది” అన్నాడు. వదిన మాత్రం నవ్వింది. “మనం కట్టనిది ఇంకెవరో కట్టాలి కదండీ. మూలమీద చెప్పులు కుట్టే ఆయన కట్టాలా?” అంది.

అంతే. ఆమెకు తెలిసిన న్యాయం అంతే. అందులో మీకు తప్పు కనిపిస్తోందా?

మా సంఘం చర్చి పక్కన వృద్ధుల నివాసం కట్టింది. నలభై గదులు. లాభాపేక్ష లేని సంస్థ, పన్ను మినహాయించండి అని అర్జీ పెట్టాం. కొలవడానికి వదినే వచ్చింది. చర్చికి మినహాయింపు ఉండాలని మారుమాట లేకుండా రాసింది. “ప్రార్థన చేసుకునే చోటికి పన్నేమిటి” అంది. నివాసం దగ్గర ఆగింది. “డిపాజిట్ కట్టగలిగినవాళ్లే ఉంటే, ఊరు వీళ్లకు పన్నెందుకు వదిలెయ్యాలి?” అని అడిగింది. అప్పుడు పాస్టరు గారు అందరి ముందూ లేచి మాట ఇచ్చారు. కింది అంతస్తులో పది గదులు, ఏమీ కట్టలేనివాళ్లకు, ఎప్పటికీ. ఆ తీర్మానం రాసింది సంఘం కార్యదర్శిగా నేనే. తీర్మానాల పుస్తకంలో నా చేత్తోనే రాశాను. ఆ రాతను నమ్మి వదిన సంతకం పెట్టింది. ఆ రోజు నాతో ఏమందో తెలుసా? “మరిదీ, ఈ మినహాయింపు ఊరంతా తనకు తెలియకుండానే ఇస్తున్న చందా. దీన్ని తిన్నవాడు మాట తప్పకూడదు.”

తప్పారు.

ఒక్కసారిగా కాదు. కింది గదిలో ఎవరైనా పోతే ఆ గది ఇంకో పేదవాడికి వెళ్లలేదు. గోడకు కొత్త రంగు వచ్చింది, కిటికీకి ఏసీ వచ్చింది, డిపాజిట్ కట్టినవాళ్లు వచ్చారు. రెండు గదుల మధ్య గోడ కొట్టి ఒకటి చేశారు. చివరికి మిగిలింది మన కుట్టు పిన్ని. అదిగో, ఆ మూడో వరసలో ఉంది. పాటల బృందం అంగీలన్నీ ఆమె కుట్టినవే. ‘రెండు నెలలు బయట ఉండండి, పైకప్పు బాగుచెయ్యాలి’ అన్నారు. కుట్టు మిషను బండిమీద పెట్టుకుని వెళ్లింది. రెండు నెలలు నాలుగేళ్లయ్యాయి.

వదినకు అప్పటికి ఉద్యోగం లేదు, రిటైరైంది. అయినా టేపు పట్టుకుని వెళ్లింది. పది గదుల్లో పిన్నిలాంటి మనిషి ఒక్కరూ లేరు. మర్నాడు తన పాత ఆఫీసుకు అర్జీ రాసింది: “నా సంతకం తప్పైంది. ఆ పది గదులన్నా పేదలకు తిరిగి ఇప్పించండి, లేదా చెప్పులు కుట్టే ఆయన కట్టినట్టే వాళ్ల చేతా పన్ను కట్టించండి.”

అడిగింది అంతే. కానీ సంఘంలో ఏమని ప్రచారం చేశారు? దేవుడి మీద పన్ను వేయిస్తోంది అన్నారు! పాటల బృందంలో ఆమె కుర్చీ తీసేశారు. నివాసంలో ఉండే పెద్దవాళ్లు తమ నెల ఖర్చు పెరుగుతుందని భయపడ్డారు. ఆ భయం అబద్ధం కాదు. వదిన వాళ్ల గది గదికీ వెళ్లి, “మిమ్మల్ని కదిలించమనడం లేదు, మీ పక్కన ఇంకో పదిమందిని ఉండనిమ్మంటున్నాను” అని చెప్పింది. కొందరు తలుపే తియ్యలేదు.

ఇక ఆ అర్జీమీద పన్నుల ఆఫీసులో జరిగిన విచారణ సంగతి. అసలు చెప్పాల్సింది ఇదే.

ఆ తీర్మానానికి వేరే నకలు లేదు, పుస్తకం నా బీరువాలో ఉంది. “నేను తెస్తాను వదినా, పదింటికల్లా అక్కడుంటాను” అన్నాను. ముందురోజు సాయంత్రం పాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. బెదిరించలేదు. నా మోకాలి గురించి అడిగారు. నా భార్య పోయాక ఆ అద్దె ఇంటి మెట్లు ఎలా ఎక్కుతున్నారు అన్నారు. “మీలాంటి సేవకులకు మా కింది అంతస్తులో ఎప్పుడూ చోటుంటుంది” అన్నారు.

నేను వెళ్లలేదు.

పుస్తకం పాస్టరు గారికీ ఇవ్వలేదు, వదినకూ ఇవ్వలేదు. రెండు పడవలమీద కాళ్లు పెట్టి నిలబడ్డాను. అధికారి పన్నెండు దాకా చూశారట. వదిన మూడుసార్లు లేచి, “వస్తాడండీ, మాట ఇచ్చాడు” అందట. తర్వాత ఆధారం లేదని అర్జీ కొట్టేశారు.

నాకు గది ఇచ్చారు. ఏ గదో తెలుసా? పిన్ని గది. పిన్నీ, నీ గదిలో పద్నాలుగు నెలలు పడుకున్నాను.

వదిన ఒక్కసారి వచ్చింది. గడప లోపలికి రాలేదు. మరిదీ అనలేదు. “కార్యదర్శి గారూ, వాళ్లు మాట తప్పితే కోపం వచ్చింది. మీరు తప్పారంటే మాత్రం నమ్మడానికి నాకు వారం పట్టింది” అంది. వెళుతూ వెళుతూ ఆగి, “ఆ కిటికీ రెక్క సరిగా పడదు, పిన్ని చెప్పేది. వాన లోపలికి కొడుతుంది, చూసుకోండి” అంది.

తిట్టినా బాగుండేది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది!

ఆమె అప్పీలు చేసుకుంది. వచ్చే నెల విచారణ. అది రాకముందే, పొద్దున్నే వాకిలి ఊడుస్తూ కూలిపోయింది. నిన్న నేను ఆ పుస్తకం అప్పీలు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. గది తాళం నివాసం ఆఫీసు బల్లమీద పెట్టి వచ్చాను. గొప్పగా చెప్పుకోవడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ఏం తీర్పు వస్తుందో నాకు తెలియదు. ఆమె కూతురు వెళుతుంది. ఈసారి పదింటికి ముందే నేనూ అక్కడ ఉంటాను. నమ్మమని అడగను. వచ్చి చూడండి.

ఈ సభలో సంఘంవాళ్లు ఉన్నారు. వెనక తలుపు దగ్గర నిలబడ్డారు, చూస్తున్నాను. మీలో నలుగురు ఆ తీర్మానం కింద సంతకం పెట్టినవాళ్లు. మిమ్మల్ని నేనేమీ అనను. నేను చేసినదానికంటే మీరు చేసిన తప్పు పెద్దదేం కాదు.

ఆమె బతికి ఉండగా మనమందరం ఎవరి కుర్చీల్లో వాళ్లం కూర్చుని నోరు మెదపకుండా ఉన్నాం. ఇవాళ కనీసం లేచి నిలబడదాం. రెండు నిమిషాలు మౌనం. ఇది ఆమె గురించి మనం పాటించే చివరి మౌనం కావాలి.

దయచేసి అందరూ లేవండి.