ఐర్లాండ్ సీరియల్‌కు జంపఖానాలు

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఆ ఇంట్లో, పొద్దున్నే భార్యాభర్తలకు చాయ్ గ్లాసు దగ్గర మాటామాటా పెరిగింది.

"కొత్త జంపఖాన మీద చాయ్ గ్లాసు పెడ్తవా? మరకైతే ఎట్ల?"

"కానియ్యే. మరకలే కావాల్నట వాళ్లకు."

"ఎవలకు?"

"ఐర్లాండ్‌ల సీరియల్ తీసేటోళ్లకు. పాతకాలం రాజు గుడారంల పరుస్తరట. నలభై నేసి, మురికి చేసి, అంచులు చింపి పంపుమంటాండ్లు."

"చింపేదుంటే నేసుడెందుకు? పాతయే కొనుక్కోవచ్చు గద?"

"నేనూ అడిగిన. నలభైకి నలభై ఒకే తీరుగ ఉండాల్నట."

"అక్కడ ఎప్పుడూ వానలే అంటరు. నాల్గు రోజులు బయట పడేస్తే అయ్యే పాతగైతయి."

"అంత టైం లేదట. కొండలు అసలుయేనట, గడ్డి అసలుదేనట, సముద్రం గూడ అసలుదేనట. మన జంపఖానకే వేషం!"

"మరి ఏమన్నవ్?"

"అన్నం తిన్నంక చెప్తనన్న. కాదంటే ఈ నెల మగ్గం ఖాళీగ ఉంటది. ఔనంటే నా చేతులతోని నేనే చింపాలె. నాకేం సమజైతలేదే."

ఒక్క పోగు తప్పినా విప్పి మళ్లీ నేసే మనిషి అతను.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నారు. అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద నోట్లో పెట్టడం లేదు. అత్తకూ కూతురికీ కూడా వినబడేలా ఆమె చెప్పింది.

"ఆర్డర్ తీసుకుంటున్నం. నేసుడు నీది, చింపుడు నాది. ఆ దినం నువ్వు మాత్రం ఇంట్ల ఉండకు."