చివరి తలుపు

మధ్యాహ్నం ఆఫీసు గదిలో, తను తయారుచేస్తున్న మూడో హారర్ గేమ్‌ను చెల్లెలు ధీమాగా అక్క చేతికిచ్చి పక్కనే కూర్చుంది.

“ఇది అమ్మ ఉన్న ఆసుపత్రే కదూ?”

“ఇట్టే పట్టేశావే!”

“ఆ పచ్చ గోడలు మర్చిపోతానా? ఎంత పరిగెత్తినా ఈ వరండా తెగదేంటే?”

“మా గేముల్లో పీడకలకి ఒకటే లెక్కక్కా. మనిషి దేన్నుంచి పారిపోతాడో దాన్నే చుట్టూ కడుతుంది. పరిగెత్తేకొద్దీ పెరుగుతుంది.”

“మరి వెనకాల తరుముతున్నదెవరు?”

“ఎవరూ లేరు. ఆ చప్పుడు నా అడుగులదే. రికార్డు చేసి పెట్టాను.”

“నీవా?”

“ఆఖరి రోజు కాఫీ తెస్తానని వెళ్ళి, లిఫ్టులో ఇరుక్కుపోయానన్నానే, అది అబద్ధం. అమ్మ పోతుంటే చూడలేక మెట్ల మీదే కూర్చుండిపోయాను.”

అక్క పరుగు ఆపేసింది. తెర మీద వరండా కురచై, చివరి తలుపు ఎదురుగా వచ్చి నిలిచింది.

“నాకు తెలుసే. పిలుద్దామని మెట్ల దాకా వచ్చాను కూడా. నిన్ను చూసి, వెనక్కెళ్ళి అమ్మకి చెప్పాను. ‘దాన్ని కూర్చోనీ, బెదిరిపోయి ఉంటుంది’ అని అమ్మే అంది.”



“ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“ఆ ఊసెత్తితే నిలబడ్డావా ఎప్పుడైనా? సరేగానీ, ఈ తలుపు తెరుచుకోదేం?”

“లోపల ఏముందో నేను చూళ్ళేదుగా. ఏం పెట్టాలో తెలీక ఖాళీగా వదిలేశాను.”

“నేను చూశాను. కుర్చీ ఇలా లాక్కో. ముందు కిటికీ పెట్టు, ఆరోజు బాగా ఎండగా ఉంది.”