పోలమ్మ పాడె మీద దుప్పటి ఎత్తిన కత

పోలమ్మ ఏడవనేదంట. మొగుడి సవం ముంగిట్లో పెట్టుకుని, కంట సుక్క నేకుండా, కొయ్యబొమ్మనాగ కూకుండిపోనాదంట. ఆ పిల్ల మొగుడు ఎల్లాజీ తుఫాను ముందు సముద్రం మీద ఏటకెల్లినాడు, పడవ తిరిగి రానేదు. గాలి ఎలిసినాక ఒడ్డుకో సవం కొట్టుకొచ్చినాది. మొకం సేపలు తినీసినాయి. ఒడ్డూ పొడుగూ సూసి ఎల్లాజీయేనని పేటంతా అనీసుకున్నారు. తల్లి గురమ్మ రానే వచ్చి, "నా కొడుకేరా!" అని మీద పడిపోనాది. కన్నతల్లే అన్నాక ఇంకెవులడుగుతారు, మీరే సెప్పండి?

సరే, పాడె కట్టినారు. డప్పులోల్లొచ్చినారు. పోలమ్మకి నీల్లు పోసి, మొకమంతా పసుపు రాసి, రూపాయంత బొట్టెట్టి, తల్నిండా కనకాంబరాలు తురిమి, మోసేతుల కాడికి గాజులేసి సవం పక్కన కూకోబెట్టినారు. పెల్లికూతురే అనుకో. అయన్నీ తీసీడానికే గదా ఎట్టడం! ఒకపక్క తెల్లటి దుప్పటి, ఒకపక్క ఆ పసుపు మొకం, సూసినోల్లకి గుండె సెరువైపోనాదంట. ముసలమ్మొకర్తి గాజులు సితక్కొట్టడానికి ఆ పిల్ల సెయ్యట్టుకున్నాది. అప్పుడేటైందంటే, పోలమ్మ సెయ్యి ఇదిలించుకుని, సర్రున లేసి, సవం కాల్ల మీద దుప్పటి ఎత్తీసినాది. సూసినాది. మల్లీ సూసినాది. "ఈడు నా మొగుడు కాడు" అన్నాది.

డప్పు ఆగిపోనాది. మతి పోనాది పాపం, పట్టుకోండే అని ఆడోల్లు ఎగబడినారు. "నా మతి నాకాడే ఉన్నాది. ఎల్లాజీకి ఎడమకాలి సిటికినేలు నేదు, సిన్నప్పుడే పడవ నంగరు పడి తెగిపోనాది. ఈడికి ఏల్లన్నీ ఉన్నాయి, సూసుకోండి" అన్నాది. వొంగి లెక్కెట్టినారు, అయిదేల్లూ ఉన్నాయంట. కులపెద్ద దానయ్య గురమ్మేపు తిరిగి, "ఏటే గురమ్మా, కన్నదానివి, నీకు తెలీనేదా?" అన్నాడు.

ఇంటన్నారా? ఆ ముసల్ది కల్లు తుడుసుకుని, "తెలీకేం? ఒడ్డు కాడే తెలిసినాది" అన్నాదంట! "తెలిసి ఎందుకేడిసినావు అత్తా? బతికున్నోడికి పాడె కట్టించినావా?" అని పోలమ్మ మీదకెల్లినాది. "బతికున్నాడని నీకెవులు సెప్పినారే? సవం దొరక్కపోతే నువ్వా ఒడ్డున కూకుని, వొచ్చే పడవా పోయే పడవా సూస్తా ముసిలైపోతావు. మా అక్క అలాగే పోనాది. నీకింకా ఇరవైయేల్లు నిండనేదు. మట్టిచ్చీసినామంటే మారుమనువెల్తావు గదాని..." అన్నాది గురమ్మ.

పోలమ్మేటి సేసినాదనుకున్నారు? తిట్టనేదు. అత్త పక్కన కూలబడి, అప్పుడేడిసినాది. "గాజులు మాత్రం నేను తియ్యనత్తా. ఈ అబ్బాయిని సాగనంపండి, ఏ తల్లి కన్నాదో" అన్నాది. ఊరూ పేరూ తెలీనోడికి పేటంతా కలిసి మట్టిచ్చినారు.

ఎల్లాజీ మరి రానేదు. సూసి సూసి, ఓ రెండేల్లకి పోలమ్మే "ఇంక రాడత్తా" అన్నాది. అప్పుడేడిసినాది గురమ్మ! ఆ రోజు సవం మీద పడి ఏడిసిందీ ఒక ఏడుపేనా! ఏడిసి ఏడిసి, లేసి మొకం కడుక్కుని, కోడలికి సంబంధం సూడ్డానికి పక్కపేటకెల్లినాది. అత్తలంటే గయ్యాలులని కతలు కడతారు గదా మీరు, ఇదీ సెప్పుకోండి మరి. మా అత్తకీ శానాసార్లు సెప్పినాను, ఏటీ లాబం నేకపోనాది.